ఒంటిమీద యూనిఫాం ఉండగానే హెచ్‌ఆర్ వృత్తికి బాట వేసుకోవడం ఎలా?

"సైన్యంలో షార్ట్ సర్వీసులో, అంటే పరిమిత కాలపు కమిషన్‌లో, పదేళ్లు పూర్తి కావస్తున్నాయి. మేజర్‌ని. మనుషులతో పని చేయించడమే నాకు తెలిసిన విద్య. హెచ్‌ఆర్‌లోకి రావచ్చునా, అందుకు ఏం చదవాలి?" అనే ప్రశ్న నెలకు రెండు మూడు సార్లయినా నా దగ్గరికి వస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కంటే అందరికీ ఒకచోట రాసిపెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను. రావచ్చు. నేను అలా వచ్చినవాడినే, ఇప్పుడు ఒక కర్మాగారంలో సిబ్బంది విభాగం చూస్తున్నాను. అయితే హెచ్‌ఆర్ అనుకుని బయలుదేరిన అధికారుల్లో చాలామంది చివరికి కూర్చునేది "అడ్మిన్, సెక్యూరిటీ" కుర్చీలో. అర్హత లేక అలా జరగదు. తయారీ ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల, సైన్యంలో తాము చేసిన పనిని బయట ఏ పేరుతో పిలుస్తారో తెలియకపోవడం వల్ల జరుగుతుంది.

షార్ట్ సర్వీసు కమిషన్ కింద పదేళ్లు, పొడిగిస్తే 14 ఏళ్లు చేసి బయటికి వచ్చే అధికారికి పెన్షన్ ఉండదు, కనుక మొదటి ఉద్యోగం దొరకడానికి ఎక్కువ కాలం ఆగలేడు. 20 ఏళ్లు పూర్తి చేసి పెన్షన్‌తో వచ్చేవారికి ఆ ఒత్తిడి తక్కువ, కాని వయసు ఎక్కువ. కింది అంచెలు ఇద్దరికీ వర్తిస్తాయి. తేడా ఉన్న చోట చెబుతాను.

దగ్గర ఉంచుకోవలసినవి

- సర్వీసు నుంచి విడుదలయ్యే తేదీకి ముందు కనీసం 24 నెలల సమయం. పన్నెండు నెలలే మిగిలి ఉంటే 1వ అంచె వదిలేసి 2వ అంచె నుంచి మొదలుపెట్టండి.
- ఒక సొంత నోటుపుస్తకం. సర్కారు ఫైలు, సర్కారు కంప్యూటరు ఇందుకు వాడకండి.
- డిగ్రీ, కమిషన్, సర్వీసులో చేసిన కోర్సుల ధ్రువపత్రాల నకళ్లు.
- నాలుగు కార్మిక కోడ్‌ల (పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన కొత్త చట్టాల) పూర్తి పాఠం. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతుంది.
- హెచ్‌ఆర్‌లో రోజూ పనిచేస్తున్న ఒక పరిచయస్థుడు. ఆయన మాజీ అధికారి కానక్కరలేదు. కాకపోతే మరీ మంచిది, ఎందుకంటే మన మాటల్లో వాళ్లకు అర్థం కానివి ఏవో ఆయనే చెప్పగలడు.

1. మిగిలిన సర్వీసులో మనుషుల లెక్కలు చూసే పోస్టింగు అడగండి

పోస్టింగు ఎంచుకునే స్వేచ్ఛ మనకు పెద్దగా ఉండదని నాకు తెలియకపోలేదు. అయినా అడిగినవారికి ఒకసారి కాకపోతే ఒకసారైనా దొరుకుతుంది. బెటాలియన్‌లో అడ్జుటెంట్ పదవి అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే హాజరు, సెలవులు, క్రమశిక్షణ, ఫిర్యాదులు, గోప్య నివేదికలు అన్నీ ఆ ఒక్క బల్ల మీదుగానే పోతాయి. దాని తర్వాత జవాన్ల సర్వీసు వివరాలు భద్రపరిచే రికార్డు ఆఫీసులు: సికింద్రాబాదులోనే ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే దళం) రికార్డులు, ఏఓసీ (ఆయుధ సామగ్రి సరఫరా చూసే దళం) రికార్డులు ఉన్నాయి. సికింద్రాబాదు, గుంటూరు, విశాఖపట్నంలో ఉన్నటువంటి రిక్రూటింగ్ కార్యాలయాల్లోను, అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు(ఎస్‌ఎస్‌బీ)లో గ్రూప్ టెస్టింగ్ అధికారిగాను చేసినవారికి ఎంపిక ప్రక్రియ మీద పట్టు వస్తుంది. పై హోదాల్లో ఉన్నవారు సిబ్బంది వ్యవహారాలు చూసే అడ్జుటెంట్ జనరల్ శాఖ, అధికారుల పోస్టింగులు, పదోన్నతులు చూసే మిలిటరీ సెక్రటరీ శాఖల్లో స్టాఫ్ పదవుల కోసం ప్రయత్నించవచ్చు. సికింద్రాబాదులోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నత కోర్సుకు ఎంపికైనవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టా కూడా చేతికి వస్తుంది.

ఇవేవీ దొరకకపోతే కంపెనీ కమాండరుగానే ఉండి, యూనిట్‌లో జరిగే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలలో (ఏదైనా సంఘటన మీద నిజానిజాలు తేల్చే విచారణల్లో) సభ్యుడిగా కూర్చునే పనిని తప్పించుకోకుండా చేయండి. ఆ విసుగు పని విలువ 5వ అంచెలో తెలుస్తుంది.

2. చేసిన పనిని ఏ వారానికావారం రాసిపెట్టుకోండి

ఇది అందరూ వాయిదా వేసే అంచె. విడుదలైన తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామనుకుంటే "జవాన్ల సంక్షేమం చూశాను" అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ మిగలదు.

ఎలా రాయాలో ఒక ఉదాహరణ చూడండి. ఒక జవానుకు బిడ్డ పుట్టింది. సెలవు నుంచి తిరిగి వచ్చి జనన ధ్రువపత్రం కంపెనీ క్లర్కుకు ఇచ్చాడు. క్లర్కు దాన్ని పార్ట్ టూ ఆర్డరులో, అంటే జవాన్ల కుటుంబ, సర్వీసు వివరాల్లో మార్పులను నమోదుచేసే ప్రకటనలో, ప్రచురింపజేయడం మరిచాడు. రెండేళ్ల తర్వాత పిల్లల చదువు భత్యం అడిగితే రికార్డు ఆఫీసు "మా లెక్కలో ఈయనకు సంతానం లేదు" అంది. మీరు యూనిట్ అంతటా ఇలాంటి ఖాళీలు వెతికించి, నలభై మంది వివరాలు సరిచేయించి, ప్రతి మూడు నెలలకు పత్రాలు సరిచూసే పద్ధతి పెట్టారనుకోండి. మనకు అది రోజువారీ తలనొప్పి. బయట దాన్ని ఉద్యోగుల సమాచార నిర్వహణ అంటారు, దానికి ప్రత్యేకంగా మనుషులను పెట్టుకుంటారు. కనుక నోటుపుస్తకంలో నాలుగు సంగతులు ఉండాలి: సమస్య ఏమిటి, ఎంతమందికి సంబంధించినది, మీరు ఏం మార్చారు, తర్వాత ఏం తేడా కనిపించింది.

సైనిక్ సమ్మేళన్‌లో (జవాన్లతో కమాండింగ్ అధికారి జరిపే సభలో) లేచిన ఫిర్యాదు, ఏసీఆర్ (వార్షిక గోప్య నివేదిక) రాసేటప్పుడు కింది అధికారితో జరిపిన సంభాషణ, సెలవుల వంతుల మీద వచ్చిన తగాదా, ఇవన్నీ రాయదగినవే.

హెచ్చరిక: యూనిట్ ఉన్న చోటు, ఆపరేషన్ల వివరాలు, ఆయుధాలు, పేర్లు ఈ పుస్తకంలోకి రాకూడదు. అధికార రహస్యాల చట్టం విడుదల తర్వాత కూడా మీ వెంటే ఉంటుంది.

3. హెచ్‌ఆర్‌లో ఏ గది మీదో తేల్చుకోండి

హెచ్‌ఆర్ ఒక ఉద్యోగం పేరు కాదు. నియామకాలు, జీతభత్యాలు, శిక్షణ, పారిశ్రామిక సంబంధాలు అని వేర్వేరు గదులున్న ఇల్లు అది. మాదాపూర్ ఐటీ కార్యాలయంలో నియామకాలు చూసేవారి పనికీ, పాశమైలారంలోనో శ్రీసిటీలోనో కర్మాగారంలో కార్మికుల మధ్య తిరిగేవారి పనికీ పోలిక తక్కువ.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి ఉద్యోగంగా కర్మాగారాన్నే ఎంచుకోండి. మూడు షిఫ్టులు, కాంటీన్ భోజనం మీద గొడవ, బస్సు ఆలస్యం, పండగ ముందు సెలవుల ఒత్తిడి, ఇవన్నీ మీకు కొత్త కావు. రాత్రి రెండింటికి ఫోను వస్తే మీరు విసుక్కోరు. ఐటీ సంస్థల్లో నియామకాల పనికి పాతికేళ్లవారు మీతో పోటీలో ఉంటారు, వారికి మార్కెట్టు మీకంటే బాగా తెలుసు. నగరం వదలలేని కుటుంబ పరిస్థితి ఉంటే శిక్షణ విభాగం రెండో దారి. ఎస్‌ఎస్‌బీలోనో, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ వంటి శిక్షణ కేంద్రాల్లోనో చేసినవారికి అది బాగా కలిసివస్తుంది.

4. చదువు: ఎంత అవసరమో అంతే

మూడు దారులున్నాయి.

రక్షణ శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్, అంటే డీజీఆర్, విడుదలకు దగ్గరపడిన అధికారుల కోసం అహ్మదాబాద్, లక్నో, ఇండోర్ ఐఐఎంల వంటి సంస్థల్లో సుమారు ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు నడిపిస్తుంది. దరఖాస్తు యూనిట్ ద్వారానే పోవాలి. అర్హత, రుసుములో మీ వాటా, ఆఖరు తేదీ ఆ ఏడాది ప్రకటనలో ఉంటాయి. గడువుకు వారం ముందు మేలుకుంటే సంతకాలు పూర్తికావు. షార్ట్ సర్వీసువారికి ఇదే సరైన దారి.

రెండోది, జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వంటి చోట్ల రెండేళ్ల పూర్తికాల కోర్సు. పేరు పెద్దది, ఖర్చూ పెద్దదే. 32 ఏళ్లు దాటినవారికి, ఇంట్లో వేరే ఆదాయం లేనివారికి నేను దీన్ని సిఫారసు చేయను.

మూడోది, సర్వీసులో ఉండగానే దూరవిద్య నడిపే ఇగ్నోలో మానవ వనరుల ఎంబీఏ. రెజ్యూమె చూసేవారిని ఇది అబ్బురపరచదు, కాని "పీజీ ఉండాలి" అన్న గడిని నింపుతుంది. ఫీల్డ్ పోస్టింగులో ఉన్నవారికి వేరే మార్గం కూడా లేదు.

ఒక చిక్కు గురించి ముందే తెలుసుకోండి. కర్మాగారంలో సంక్షేమ అధికారి అనేది చట్టం నిర్దేశించిన పదవి. పాత ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఆ పదవి ఉండాలంది, కొత్త కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. ఆ పదవికి ఏ డిగ్రీ కావాలో రాష్ట్ర నిబంధనలు చెబుతాయి, ఆరు నెలల కోర్సు దానికి సరిపోతుందని అనుకోవద్దు. ఆ పదవే మీ లక్ష్యమైతే మీరు ఉండబోయే రాష్ట్రం నిబంధనలు చదివాకే కోర్సుకు డబ్బు కట్టండి.

5. చట్టం, జీతం లెక్క: చేత్తో చేసి నేర్చుకోండి

ఇంటర్వ్యూలో మాజీ అధికారి తేలిపోయే చోటు ఇదే, అందుకే దీనికి మూడు నెలలు కేటాయించమంటాను.

29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి: వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత. పాత చట్టాలను పూర్తిగా పక్కన పెట్టకండి, నడుస్తున్న వివాదాల్లో అవి ఇంకా వినిపిస్తాయి.

ఇక ఈ మూడు లెక్కలు కాగితం మీద వేయండి.

ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా): నెలకు 20,000 రూపాయల వేతనం ఉన్న కార్మికుడి నుంచి 0.75 శాతం, అంటే 150 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 650.

పీఎఫ్: 15,000 వేతనం మీద ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800. యజమాని కట్టే 1,800లో 1,250 పెన్షన్ పథకానికి పోతుంది, మిగిలింది ఖాతాలో పడుతుంది.

గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం): ఆఖరి నెల మూలవేతనం, కరవుభత్యం కలిపి 26,000, సర్వీసు పదేళ్లు అనుకోండి. 26తో భాగిస్తే రోజుకు 1,000, పదిహేను రోజులకు 15,000, పదేళ్లకు 1,50,000.

శాతాలు, పరిమితులు ప్రభుత్వ ప్రకటనలతో మారుతుంటాయి కనుక ఇంటర్వ్యూకు వెళ్లే వారంలో తాజా సంఖ్యలు సరిచూసుకోండి. మీ బంధువుల్లో ఎవరిదైనా జీతం చీటీ అడిగి తీసుకుని, ప్రతి గడి ఎలా వచ్చిందో వివరించగలిగితే ఈ అంచె పూర్తయినట్టు.

విచారణల విషయంలో మీరు ఇతరులకంటే ముందున్నారు. ఒకరి నడవడిక మీద మచ్చ పడే అవకాశం ఉన్న కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో, ఆర్మీ రూల్ 180 ప్రకారం, ఆ మనిషిని మొదటినుంచి చివరిదాకా కూర్చోబెట్టాలి, సాక్షులను ప్రశ్నించనివ్వాలి, తన సాక్షులను తెచ్చుకోనివ్వాలి. కర్మాగారంలో జరిపే అంతర్గత విచారణకు ప్రాణం కూడా అదే సూత్రం: సంజాయిషీ నోటీసు, ఛార్జిషీటు, విచారణాధికారి, కార్మికుడి తరఫున మాట్లాడే మనిషి. కొత్తగా నేర్చుకోవలసింది సస్పెన్షన్ కాలపు జీవన భృతి. మొదటి 90 రోజులు వేతనంలో సగం, ఆ తర్వాత జాప్యం కార్మికుడి వల్ల కాకపోతే 75 శాతం.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కూడా ఇక్కడే చదవండి. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి.

6. రెజ్యూమెను మన భాషలోంచి వాళ్ల భాషలోకి తీసుకురండి

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "పదాతిదళ బెటాలియన్ అడ్జుటెంట్‌గా 20 నెలలు పనిచేశాను. కమాండింగ్ అధికారి ప్రశంస పొందాను." చదివే మనిషికి అడ్జుటెంట్ అంటే తెలియదు, ప్రశంస ఎందుకో తెలియదు.

అదే సంగతి ఇలా రాయండి: "ఏడు వందలకు పైగా సిబ్బంది ఉన్న సంస్థలో హాజరు, సెలవులు, క్రమశిక్షణ, ఫిర్యాదుల పరిష్కారం, వార్షిక పనితీరు నివేదికల బాధ్యత 20 నెలలు. కుటుంబ వివరాల నమోదులో లోపాలు వెతికించి నలభై మందివి సరిచేయించి, మూడు నెలలకోసారి తనిఖీ చేసే పద్ధతి ప్రవేశపెట్టాను." సంఖ్యలు మీ నోటుపుస్తకంలోంచి రావాలి, ఊహించి వేయకూడదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అబద్ధం బయటపడుతుంది.

సరిచూసుకునే పద్ధతి సులువు. సైన్యంతో సంబంధం లేని ఒకరికి రెజ్యూమె ఇచ్చి, అర్థం కాని మాటల కింద గీత గీయమనండి. మూడు గీతలు దాటితే మళ్లీ రాయండి. మొదటిసారి నా కాగితం మీద మా వదిన పెట్టిన గీతలు లెక్కపెట్టలేక వదిలేశాను.

7. ఇంటర్వ్యూ, జీతం మాట

"మీ దగ్గర ఆర్డరు వేస్తే పని జరుగుతుంది, ఇక్కడ అలా కుదరదు కదా" అని ఏదో ఒక రూపంలో తప్పకుండా అడుగుతారు. వాదించకండి. మీకు ఏ అధికారమూ లేని చోట ఒప్పించి చేయించిన మూడు సంఘటనలు సిద్ధంగా ఉంచుకోండి: వరద సహాయంలో జిల్లా యంత్రాంగంతో కలిసి పనిచేయడం, కంటోన్మెంటు కాంట్రాక్టరుతో మాట, జవాన్ల కుటుంబాల మధ్య వచ్చిన తగవు.

జీతం విషయంలో సీటీసీ, అంటే ఏడాదికి మీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు, అనే మాటకు మోసపోకండి. ఏడాదికి 24 లక్షలు అంటే నెలకు రెండు లక్షలు చేతికి రావు. యజమాని పీఎఫ్ వాటా, మూలవేతనంలో సుమారు 4.81 శాతంగా లెక్కించే గ్రాట్యుటీ, బీమా, వస్తే వచ్చే బోనసు అన్నీ అందులోనే కలిపి చూపిస్తారు. సర్వీసులో దొరికిన క్వార్టరు, వైద్యం, క్యాంటీన్ సౌకర్యాలకు బయట మీ జేబులోంచి ఎంత పెట్టాలో వేసుకుని, చేతికొచ్చే జీతంతో పోల్చండి.

"హోదా తగ్గదు, ముందు అడ్మిన్ చూడండి, తర్వాత హెచ్‌ఆర్ ఇస్తాం" అనే మాటను కాగితం మీద పెట్టమనండి. పెట్టకపోతే అది జరగదని లెక్క. హెచ్‌ఆర్‌లో ఒక మెట్టు కింద చేరడం, అడ్మిన్‌లో ఒక మెట్టు పైన చేరడం కంటే నూరుపాళ్లు నయం. పెన్షన్‌తో వచ్చేవారు ఇంకో పని చేయాలి: మీ హోదాను బట్టి ప్రైవేటు ఉద్యోగానికి ప్రభుత్వ అనుమతి అవసరమవుతుందేమో ఆఫరు ఒప్పుకోకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. మాజీ సైనికులకు ఉద్యోగాలు చూపే ఆర్మీ వెల్ఫేర్ ప్లేస్‌మెంట్ ఆర్గనైజేషన్‌లో పేరు నమోదు చేసుకోండి, కాని దాని మీదే ఆధారపడకండి.

8. మొదటి 90 రోజులు

నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. చేరిన మూడో నెలలో ఒక కార్మికుడు చెప్పకుండా 23 రోజులు రాలేదు. సైన్యంలో సెలవు లేకుండా పోతే ఏం చేస్తామో నా ఒంట్లో ఇంకిపోయి ఉంది. హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో గుమస్తాను పిలిచి ఆ పేరు రోల్ నుంచి కొట్టేయమన్నాను. గుమస్తా తలెత్తి, "నోటీసు పంపామా సార్?" అని అడిగాడు. నేను వినిపించుకోలేదు. మూడు వారాల తర్వాత ఆ కార్మికుడు యూనియన్ నాయకుడితో వచ్చాడు. తండ్రి ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉన్నాయి. వ్యవహారం లేబర్ అధికారి దాకా వెళ్లింది, అతన్ని పాత జీతంతో సహా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. నిజానికి సైన్యంలో కూడా 30 రోజులు దాటాక కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగాకే గైర్హాజరును ప్రకటిస్తారు. నేను మరిచింది కొత్త చట్టాన్ని కాదు, పాత అలవాటునే.

అందువల్ల మొదటి 90 రోజులు ఎవరినీ శిక్షించే కాగితం మీద ఒంటరిగా సంతకం పెట్టకండి. టైమ్ ఆఫీసులో వారం కూర్చోండి. రాత్రి షిఫ్టులో రెండుసార్లయినా తిరగండి. కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్ నిజంగా జమ అవుతోందా అని కొందరి ఖాతాలు మీరే చూడండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ భారం ప్రధాన యజమాని, అంటే మీ సంస్థ, మీదికే వస్తుంది.

యూనియన్ మనకు పూర్తిగా కొత్త అనుభవం. రాజ్యాంగం 33వ అధికరణ, ఆర్మీ చట్టం మన దగ్గర సంఘం పెట్టుకునే వీలు లేకుండా చేశాయి, కనుక ఎదురుగా కూర్చుని "కుదరదు" అనే హక్కున్న ప్రతినిధితో మనం ఎన్నడూ మాట్లాడి ఎరుగం. ఆయన్ను సుబేదార్ మేజర్‌తో, అంటే జవానుగా చేరి యూనిట్‌లో అందరికంటే పైకొచ్చిన పెద్దమనిషితో, పోల్చుకోకండి. సుబేదార్ మేజర్ సాబ్ జవాన్ల మాట మీకు చెబుతారు గాని మీ పక్షాన నిలబడతారు. యూనియన్ నాయకుడికి ఎన్నికలుంటాయి, ఆయన నిలబడవలసింది తనవాళ్ల పక్షానే. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి, జరిగిన ప్రతి చర్చకూ అదే రోజు మినిట్స్ రాసి ఇద్దరి సంతకాలు తీసుకోండి.

తరచూ కనిపించే మరికొన్ని పొరపాట్లు

ఆఫీసులో హోదాతో పిలిపించుకోవడం. పేరు ముందు మేజర్ అని పెట్టుకోవడం మీ ఇష్టం, కాని కింది ఉద్యోగి అలా పిలవాలని ఎదురుచూస్తే దూరం పెరుగుతుంది.

ధ్రువపత్రాలు పోగుచేయడం. పని అనుభవం లేకుండా నాలుగు అంతర్జాతీయ సర్టిఫికెట్లు ఉన్న రెజ్యూమె చూస్తే నాకు అనుమానమే వస్తుంది.

పాత బ్యాచ్ మిత్రుడి సిఫారసుతో వచ్చిన ఆఫరుకు ప్రశ్నలు వేయకుండా ఒప్పుకోవడం. కింద ఎంతమంది పనిచేస్తారు, యూనియన్ ఉందా, ఇంతకుముందు ఈ కుర్చీలో ఉన్నాయన ఎందుకు వెళ్లిపోయాడు అని అడగడంలో మొహమాటం అక్కరలేదు.

దారి సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

విడుదలకు ఆరు నెలల ముందు: నోటుపుస్తకంలో సంఖ్యలతో కూడిన సంఘటనలు కనీసం ఇరవై ఉన్నాయా? జీతం చీటీ ఒకటి మొదటి గడి నుంచి ఆఖరు గడి దాకా వివరించగలరా?

దరఖాస్తులు మొదలుపెట్టిన రెండు నెలలకు: పిలుపులన్నీ సెక్యూరిటీ ఉద్యోగాలకే వస్తుంటే లోపం రెజ్యూమెలో ఉంది, 6వ అంచెకు తిరిగి వెళ్లండి. హెచ్‌ఆర్‌కు పిలుపులు వచ్చి రెండో రౌండులో ఆగిపోతుంటే 5వ అంచె మళ్లీ చదవండి.

చేరిన ఆరు నెలలకు: మీరు ఊరెళ్లిన రోజున టైమ్ ఆఫీసు గుమస్తా ఒక సెలవు తగాదాను మీకు ఫోను చేయకుండా, రాతలో ఉన్న పద్ధతి ప్రకారం తానే తేల్చాడా? తేల్చితే పద్ధతి నిలబడినట్టు. ఇంకా ప్రతిదానికీ "సార్ ఏమంటారు" అని ఫోను వస్తుంటే, సెలవుల నిబంధనలను తెలుగులో ఒక పేజీకి కుదించి టైమ్ ఆఫీసు గోడమీద అంటించి, మరో నెల ఆగి చూడండి.